ముందుగా కరణాన్ని అడిగారు

"మీ ఊరికి ఈ పేరెలా వచ్చింది? గుడి ఎవరు కట్టించారు? మాన్యాలు ఎవరిచ్చారు?" 1800 తర్వాతి తొలి ఏళ్లలో కొత్త మనిషి ఎవరైనా తెలుగు పల్లెలోకి వచ్చి ఇలా అడిగితే, దాన్ని ఉబలాటం అనుకునేంత అమాయకులు ఊళ్లో లేరు. మొదటి రెండు ప్రశ్నలకు ఏదో ఒకటి చెప్పొచ్చు. మూడో ప్రశ్న దగ్గరే చిక్కు. మాన్యం మీద బతికే అర్చకుడికీ, శ్రోత్రియం అనుభవిస్తున్న బ్రాహ్మణుడికీ, మిరాశీ మీద కూర్చున్న కరణానికీ కంపెనీ సర్కారు కొత్త. అది దేన్ని ఉంచుతుందో, దేన్ని ఊడబెరుకుతుందో తెలియదు. దత్తమండలాలు నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చింది 1800లో. ఆ వెంటనే థామస్ మన్రో మనుషులు పొలాలన్నీ కొలవడం మొదలుపెట్టారు. కొలతగొలుసు పట్టుకొచ్చినవాడూ, కాగితం కలం పట్టుకొచ్చినవాడూ ఒకే సర్కారు తాలూకు కదా!

ఆ అనుమానం వట్టిదేమీ కాదు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఎవరి మాన్యానికి ఏం ఆధారం ఉందో చూపించమని ఊరూరా అడిగింది. రెండు తరాల ముందు నోరు మెదపని పెద్దలు కాస్త ముందుచూపున్నవాళ్లేనని ఒప్పుకోవాలి.

కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు కాలిన్ మెకంజీ మనుషులు. మెకంజీ స్కాట్లండు పడమటి తీరాన లూయిస్ దీవిలో 1754 ప్రాంతంలో పుట్టాడు. 1783లో మద్రాసు వచ్చి కంపెనీ సైన్యంలో చేరాడు, తర్వాత ఇంజనీరయ్యాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే అతని చేతికి వచ్చింది. 1810లో మద్రాసుకూ, 1815లో మొత్తం కంపెనీ ఇండియాకూ సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొండలూ నదులూ పటంలోకి ఎక్కించడం అతని ఉద్యోగం. ఊళ్ల కథలూ శాసనాలూ నాణేలూ పోగేయడం అతని వ్యసనం. ఆ వ్యసనానికి పెద్ద అడ్డంకి ఒకటుంది: ఇక్కడి భాషలు అతనికి రావు. ఆ సంగతి తనే రాసుకున్నాడు కూడా.

ఏలూరు నియోగుల కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య మెకంజీ దగ్గర చేరింది అంతకుముందే, 1790ల్లో. 1776లో పుట్టినవాడు కాబట్టి అప్పటికి ఇరవై ఏళ్ల వయసు. సంస్కృతం, తెలుగు, పారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు తెలిసినవాడు. పాత లిపులు విప్పడంలో దిట్ట. అయితే మెకంజీకి అతని వల్ల అసలు ఉపయోగం చదువు కాదు. ఊళ్లో ఎవరితో మాట్లాడాలో, ఎవరి చేత చెప్పించుకుంటే మిగతావాళ్లు కూడా నోరు విప్పుతారో అతనికి తెలుసు. తెలుగు దేశంలో క్షేత్ర పరిశోధన అనే పనికి మొదటి మేస్త్రీ ఎవరని అడిగితే మెకంజీ పేరు చెప్పడం అలవాటైపోయింది గానీ, న్యాయంగా ఆ పేరు బొర్రయ్యది. మెకంజీ కూడా ఈ విషయంలో దాపరికం లేని మనిషి. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ దేశపు విద్య అనే వాకిట్లోకి తనకు దారి చూపింది ఆ బ్రాహ్మణ యువకుడేనని రాశాడు.

బొర్రయ్య 1803లో పోయాడు. ముప్పై కూడా నిండలేదు. అతను నేర్పిన పని మాత్రం ఆగలేదు. తమ్ముడు లక్ష్మయ్య పగ్గాలు అందుకున్నాడు. మరో తమ్ముడు రామస్వామి కూడా అదే కొలువులో పనిచేసి, 1829లో దక్కను కవుల జీవితాలు ఇంగ్లీషులో రాసి కలకత్తాలో అచ్చు వేయించాడు.

ఈ అన్నదమ్ముల కింద పనిచేసిన గుమాస్తాలు ఒక్కొక్కరు ఒక్కో సీమకు వెళ్లేవారు. నారాయణరావు దత్తమండలాల్లో తిరిగాడు. కలెక్టరు కచేరీ నుంచి అమల్దారుకు తాకీదు తీసుకోవడం, అమల్దారు మనిషిని వెంటబెట్టుకుని ఊళ్లోకి వెళ్లడం, కరణాన్నీ పెద్దరెడ్డినీ గుడి పూజారినీ కలుసుకోవడం, ఇదీ వాళ్ల దారి. తాకీదుకు రెండు వైపులా పదునుంటుంది. అది లేకపోతే కరణం గడప కూడా తొక్కనివ్వడు. చూపిస్తే భయపడి బిగుసుకుపోతాడు. అందుకే మెకంజీ తన మనుషులకు మంచితనంతో రాబట్టమనే చెప్పేవాడు. అవసరమైనచోట డబ్బో బహుమతో ఇచ్చి తాళపత్రాలు, కాగితాలు సంపాదించేవారు. ఎవరిని కలిశారు, ఎవరు ఏమిచ్చారు, ఎవరు కుదరదన్నారు అని నెలనెలా మెకంజీకి నివేదికలు పంపేవారు. ఈ రోజుల్లో విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థుల చేత రాయించే ఫీల్డు డైరీలకు ఆ నివేదికలు ఏమీ తీసిపోవు. ఒక్కోచోట వాటికన్నా నిజాయితీగా కూడా ఉంటాయి.

ఇందులో ఇంకో మెళకువ ఉంది. జైనుల గ్రంథాలు, జైన బస్తుల చరిత్ర కావాలంటే బ్రాహ్మణ గుమాస్తాను పంపితే పని కాదు. మైసూరు సీమలోని మలెయూరుకు చెందిన ధర్మయ్య అనే జైన పండితుణ్ణి మెకంజీ కొలువులో పెట్టుకున్నది అందుకే. 1816లో థామస్ హికీ గీసిన మెకంజీ చిత్తరువులో ఎర్ర కోటు దొర చుట్టూ ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. వాళ్లలో తాటాకులు పట్టుకున్నది ధర్మయ్య అనీ, దుర్భిణి పట్టుకున్నది కిష్నాజీ అనే బంట్రోతు అనీ, మూడో మనిషి కావలి లక్ష్మయ్య అనీ చెబుతారు. వెనకాల దూరంగా గోమటేశ్వరుడు. ఊళ్లవాళ్లు చెప్పిన ముచ్చట్లు దొర దాకా ఏయే చేతులు మారి వచ్చాయో ఆ ఒక్క బొమ్మ చూస్తే తెలుస్తుంది.

అలా పోగైన ఊరి చరిత్రలే కైఫియత్తులు. కరణం దగ్గర తరతరాలుగా ఉండే కవిలె కట్టల్లోంచి, ముసలివాళ్ల నోటి మాటల్లోంచి రాసినవి. నాలుగైదు చదివేసరికి వాటి నడక మనకు పట్టుబడుతుంది. కృతయుగంలో ఫలానా రుషి తపస్సు చేశాడు, ముక్కంటి కాడువెట్టి అడవి కొట్టించి అగ్రహారం ఇచ్చాడు, గజపతులొచ్చారు, కృష్ణదేవరాయలొచ్చారు, తర్వాత తురకల అమలు, ఆ తర్వాత జమీందార్లు, ఆఖరికి కుంపిణీ. మధ్యమధ్య మాత్రం ఆశ్చర్యపరిచే వివరాలు తగులుతాయి. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ కరువులో ఊరు పాడుపడింది, ఏ దండు వచ్చి గుడి దోచుకుంది, ఏ కులంవాళ్లు ఎక్కడి నుంచి వలస వచ్చారు. శాసనాల్లో దొరకని ఊరి బతుకు అక్కడ దొరుకుతుంది.

ఇంకో వివరం కూడా తరచుగా తగులుతుంది. కృష్ణా, గుంటూరు సీమల కైఫియత్తుల్లో గోపరాజు రామన్న అనే మంత్రి ఊళ్ల కరణీకాలన్నీ నియోగులకు పంచిపెట్టాడన్న కథ పదేపదే వస్తుంది. ఏ ఊరి కరణానికి ఏ గోత్రం, ఏ ఇంటిపేరు అన్నది సహా వస్తుంది. నిజమా కల్పనా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన లెక్క. కానీ అడిగింది ఎవరు? నియోగి గుమాస్తా. చెప్పింది ఎవరు? నియోగి కరణం. ఊరి చరిత్ర చెప్పమంటే తన ఉద్యోగానికి పట్టా ఎలా వచ్చిందో చెప్పుకోవడం ఆ కరణానికి తప్పుగా ఏం తోస్తుంది? అదే ఊళ్లో మాలపల్లెకు వెళ్లి, చాకలి ఇంటికి వెళ్లి, అడవి అంచున ఉన్న చెంచు గూడేనికి వెళ్లి అదే ప్రశ్న వేస్తే ఏ కథ వచ్చేదో మనకు మిగల్లేదు. అడవివాళ్లు చాలా కైఫియత్తుల్లో ఎవరో ఒక రాజు అణచివేసిన జనంగానే కనిపిస్తారు. ఆడవాళ్లు కనిపించినా రాణులో, గుండంలో పడ్డ పేరంటాళ్లో.

1821లో మెకంజీ కలకత్తాలో చనిపోయేనాటికి పోగైన సొత్తు మామూలుది కాదు. హెచ్.హెచ్. విల్సన్ 1828లో అచ్చు వేసిన పట్టికలో గ్రంథాల రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218. ఈ సేకరణను కంపెనీ మెకంజీ భార్య దగ్గర కొనుక్కుంది. దాన్ని పోగేసిన లక్ష్మయ్య మాత్రం, దొర పోయాక ఆ పని కొనసాగించే అవకాశం తనకివ్వమని అర్జీ పెట్టుకున్నాడు. సర్కారు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగింది. దాని కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. ఇంత పనికి లక్ష్మయ్య సరిపోడని సొసైటీ తేల్చింది. పాతికేళ్లకు పైగా సరిపోయిన మనిషి ఒక్కసారిగా సరిపోకుండా పోయాడు! పని తర్వాత విలియం టేలర్ అనే మిషనరీకి దక్కింది. తెలుగు కైఫియత్తులకు సాపు నకళ్లు రాయించి, సంపుటాలుగా బైండు చేయించి కాపాడిన పుణ్యం సి.పి. బ్రౌన్‌ది.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు కథలకన్నా ముక్కు కొలతలు ముఖ్యమయ్యాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, సహాయకుడు కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. తెలుగు కులాల గురించి ఈనాటికీ ఎవరు ఏం రాసినా ఎక్కడో ఒకచోట వాటిని తిరగేయక తప్పదు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచే పరికరాలు పట్టుకుని అతను ఊళ్లలో తిరిగాడు. జనం ఎలా హడలిపోయారో ఆ సంపుటాల ముందుమాటలో తనే సరదాగా చెప్పుకున్నాడు. వయనాడులో పణియ స్త్రీలు, తమలో మంచి నమూనాలను ఏరి, పొట్టలో గడ్డి కూరి మ్యూజియంలో పెట్టడానికి వచ్చాడని పారిపోయారు. షెవరాయ్ కొండల మలయాళి తెగవాళ్లు, తమ భూములు లాక్కుని అండమాన్‌కు పంపించేస్తాడనుకున్నారు. ఏదో పాత ఏనుగు కేసులో పోలీసులు వెతుకుతున్న నీలగిరి ఇరుళ మనిషి ఒకడు, ఎత్తు కొలిచే కర్రను ఉరికొయ్య అనుకుని దగ్గరికే రానన్నాడు. థర్‌స్టన్‌కు ఇవన్నీ నవ్వు తెప్పించాయి. ఈ రోజు చదివితే, కొలత వేయించుకోవడానికి నిరాకరించిన ఆ మనుషులే ఏడు సంపుటాల్లోనూ సొంత అభిప్రాయం చెప్పినవాళ్లలా కనిపిస్తారు.

అదే కాలంలో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఇంకో దారి తొక్కాడు. ఊళ్లోకి వెళ్లి మనుషులను పోగేసే బదులు, అక్కడి గిరిజనుల సవర భాష బాగా తెలిసిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు బడి పెట్టాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర కోశం 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. వ్యావహారిక భాషోద్యమం చెప్పుకునేటప్పుడు ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తాం. నిజానికి పండితుల భాషను వదిలి మాట్లాడే మనిషి నోటిని నమ్మాలన్న ఆయన వాదానికి, ఏళ్ల తరబడి సవర మాట వినడం కూడా ఊతమిచ్చి ఉండాలి.

అందరికన్నా విచిత్రమైన పరిస్థితిలో వచ్చినవాడు క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియావాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో జర్మన్ పాస్‌పోర్టు చేతికొచ్చింది. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి అతను ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రు దేశస్థుడు. నిజాం రాజ్యంలో ఉండిపోవడానికి అనుమతి దొరికింది. శత్రువుగా కట్టడి చేసిన మనిషికి నల్లమల అడవి పరిశోధనశాల అయింది. భార్య బెట్టీతో కలిసి 1940లో అమ్రాబాద్ ఎగువన చెంచుల మధ్య ఉన్నాడు. వాళ్ల మీద పుస్తకం 1943లో వచ్చింది. 1945లో గోదావరి కొండల రెడ్ల మీద, 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద పుస్తకాలు.

గోండుల మధ్యకు వెళ్లడం మామూలు విషయం కాదు. 1940లోనే జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం, అతని అనుచరులు నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. అడవి నుంచి వెళ్లగొట్టే ఫారెస్టు జవాను, భూమి ఇంకొకరి పేర రాసే పట్వారీ, జరిమానా వేసే అమీను, అంతవరకూ గోండు గూడేల గడప తొక్కిన పై మనుషులు వీళ్లే. ఇప్పుడు తెల్లతోలు మనిషి, అదీ నిజాం సర్కారు అనుమతితో వచ్చాడు. ఎవరు నమ్ముతారు?

హైమెన్‌డార్ఫ్ ఒక మంచి పని చేశాడు: వచ్చి వెళ్లిపోలేదు. ఇప్పటి ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు. ఆ ఊరి పెద్ద లచ్చు పటేల్ స్నేహం దొరికాక చుట్టుపక్కల గూడేల తలుపులు తెరుచుకున్నాయి. గోత్ర దేవుడు పెర్సాపేన్ పూజల్లో, దండారి ఆటల్లో పక్కన కూర్చోనిచ్చారు. గోత్రాల పుట్టుక కథలు చెప్పాల్సినవాళ్లు ప్రధానులు. కింగ్రి వాయిస్తూ గోండుల పురాణం పాడే వంశపారంపర్య గాయకులు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారు, పాట మాత్రం గోండీలో పాడతారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న కథలే రాజగోండుల మీద పుస్తకానికి వెన్నెముక.

చెప్పించుకున్నందుకు బదులుగా ఏమిచ్చాడన్నది కూడా చూడాలి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరిలో తయారయ్యాయి. అతని నివేదికల ఊతంతో ఎంతోమందికి భూమి పట్టాలు దక్కాయి. పాతికముప్పై ఏళ్ల తర్వాత తిరిగివచ్చి చూసి, ఆ భూముల్లో ఎన్ని చేతులు మారిపోయాయో కూడా రాశాడు. 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. అయినా ఒక మాట అనుకోక తప్పదు. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసిన మనిషికి, గూడెం పెద్ద కాదనడం అంత తేలికా? స్నేహం ఎంత, సర్కారు ముద్ర ఎంత అన్నది ఆ గూడేలవాళ్లే చెప్పాలి. వాళ్లు పుస్తకాలు రాయలేదు.

హైదరాబాద్‌కు పాతిక మైళ్ల దూరంలోని శామీర్‌పేటకు 1951లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టు వెళ్లింది. దాన్ని నడిపించినవాడు ఎస్.సి. దూబే. మానవశాస్త్రం వాళ్లతో పాటు వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవాళ్లు కూడా ఉన్నారు. ముందు మందు ఇచ్చి, ఎద్దుకు వైద్యం చేసి, తర్వాత ప్రశ్న అడగడం. తెలివైన పద్ధతే. 1955లో వచ్చిన దూబే పుస్తకం భారతీయ గ్రామం మీద చదవాల్సిన మొదటి వరస పుస్తకాల్లో చేరిపోయింది.

ఇక్కడి నుంచి అడగాల్సిన మనిషే మారిపోయాడు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం మాండలిక వృత్తి పదకోశం తలపెట్టినప్పుడు, 1962లో వచ్చిన తొలి సంపుటం వ్యవసాయానిదే. నాగలి అని ఒకచోట, మడక అని ఇంకోచోట అనే పనిముట్టుకు ఎన్ని భాగాలో, ఒక్కో సీమలో వాటిని ఏమంటారో ఊళ్లో పంతులుగారు చెప్పలేరు. కరణం అసలే చెప్పలేడు. పొలం దున్నే మనిషే చెప్పాలి. చదువు లేకపోవడం, ఊరు దాటి వెళ్లకపోవడం ఈసారి అర్హతలయ్యాయి. తెలుగు నాలుగు మాండలిక మండలాలుగా విడిపోతుందన్న నిర్ధారణకు ఆధారం ఆ రైతుల మాటే. 1971లో చేనేత సంపుటం వచ్చింది. మగ్గం దగ్గర కూర్చున్నవాడే అక్కడ పండితుడు.

ఆడవాళ్ల వంతు మాత్రం 1980ల దాకా రాలేదు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. దాని మీద నాయకుల పుస్తకాలు చాలా వచ్చాయి. వాటిలో స్త్రీల త్యాగాలకు నివాళి ఉంటుంది, స్త్రీల మాట ఉండదు. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వసంత కన్నబిరాన్, కె. లలిత, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న టేప్ రికార్డరు తీసుకుని ఆ పోరాటంలో ఉన్న స్త్రీల ఇళ్లకు వెళ్లారు. పేర్లు తెలిసిన మల్లు స్వరాజ్యం, మోటూరి ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ లాంటివాళ్లే కాదు, పేరు ఎక్కడా అచ్చుకానివాళ్ల దగ్గరకూ వెళ్లారు. జమాలున్నీసా బాజీ, రజియా బేగం లాంటి హైదరాబాద్ ముస్లిం స్త్రీల జ్ఞాపకాలూ తీసుకున్నారు.

నగరంలో చదువుకున్న ఆడవాళ్లు ఊళ్లోని ఆడవాళ్లను అడుగుతున్నారు, ఆ దూరం వాళ్లకూ తెలుసు. అయితే అడిగిన ప్రశ్నలు వేరు. ఎన్ని తుపాకులు, ఎన్ని దాడులు అన్నది నాయకుల పుస్తకాల్లో ఉంది. దళంలో ఉన్నప్పుడు బిడ్డ పుడితే ఏం చేశారు? పోరాటం విరమించాక ఇంటికెళ్లి వంట చేసుకోమంటే ఎలా అనిపించింది? అజ్ఞాతవాసంలో కన్నబిడ్డను వదులుకున్న కమలమ్మ కథ ఏ పార్టీ చరిత్రలోనూ అంత వివరంగా లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పాలకుర్తిలో తన పంట తాను కోసుకున్న చిట్యాల ఐలమ్మ కూడా మాట్లాడింది. 1985లో ఆమె చనిపోయింది. ఈ గొంతులన్నీ చేర్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం అచ్చయింది 1986లో. ఒక్క రెండేళ్లు ఆలస్యంగా ఆ తలుపు తట్టి ఉంటే ఐలమ్మ పేరు మిగిలేది, గొంతు మిగిలేది కాదు. ఆ పుస్తకం ఇంగ్లీషులో 1989లో వచ్చింది.

ఆ పుస్తకంలో మాట్లాడినవాళ్లలో కొందరు అంతటితో ఆగలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై దాటిన వయసులో, 2012లో, 'నిర్జన వారధి' పేరుతో తన జీవితం తానే రాసుకుంది. మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. ఆమె చెబుతుంటే కాగితం మీద పెట్టింది విమల, కాత్యాయని.